బతికిన పిల్లల సంగతి కూడా అడగండి

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్)కు, రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లకు బహిరంగ లేఖ

అధికారులకు నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో చేపల హేచరీల మధ్య ఉంటూ, జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని. ఈ ఉత్తరం సోఫాల గురించి, బస్సు సీట్ల గురించి, టీవీ వెనకాల ఉండే ప్లాస్టిక్ డొప్ప గురించి. అవి త్వరగా అంటుకోకుండా వాటిలో కలిపే మంటనిరోధక రసాయనాలు నీళ్లలోకి చేరితే చేప గుడ్డులో ఏం జరుగుతుందో ప్రపంచంలో చాలా ల్యాబులు చూశాయి. ఆ చూసినదాన్ని మీ ముగ్గురి ఫైళ్లలోకి ఎక్కించమని అడగడానికే రాస్తున్నాను. ముగ్గురికీ కలిపి ఎందుకు రాశానంటే, విడివిడిగా రాస్తే ఇది తమ పరిధి కాదని ఒకరు ఇంకొకరికి పంపుతారు. ఆ అనుభవం మన దేశంలో ఎవరికి లేదు?

ముందే ఒక మాట. అగ్నిప్రమాదాల నివారణకు నేను వ్యతిరేకిని కాను. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. అది మరచిపోయి చేపల గురించి మాట్లాడే మనిషి మాట ఎవరూ వినక్కర్లేదు. సీట్లు, పరుపులు త్వరగా అంటుకోకూడదు. నా ప్రశ్న ఆ పని దేంతో చేయిస్తున్నారు, ఎవరి ఖర్చుతో చేయిస్తున్నారు అన్నదే.

ఫోములో, ప్లాస్టిక్‌లో కలిపే ఈ రసాయనాలు చాలావరకు ఆ పదార్థంతో రసాయనికంగా అతుక్కుని ఉండవు. ఊరికే కలిసి ఉంటాయి, అంతే. అందుకే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి వచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. దుమ్ము బట్టలకు అంటుతుంది, బట్టలు వాషింగ్ మెషిన్‌లో పడతాయి, ఆ నీళ్లు డ్రైనేజీలోకి పోతాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పరిశోధకులు ఇళ్లలోని దుమ్మును, బట్టలు ఉతికిన నీళ్లను, మురుగుశుద్ధి కేంద్రాల నీళ్లను కలిపి పరీక్షించి 2014లో ఈ దారి మొత్తం చూపించారు. ముఖ్యంగా క్లోరిన్ ఉన్న ఫాస్ఫేట్ రకాలు శుద్ధి కేంద్రంలో కూడా పెద్దగా ఆగకుండా నదిలోకి పోతున్నాయి.

ఈ రసాయనాల చరిత్ర చదివితే ఒకే తప్పు మళ్లీ మళ్లీ చేసినట్టు కనిపిస్తుంది. 1973లో మిషిగన్ రాష్ట్రంలో పీబీబీ అనే బ్రోమిన్ మంటనిరోధకం బస్తాలు పొరపాటున పశువుల దాణాలో కలిశాయి. పాలు, మాంసం ద్వారా అది లక్షల మందికి చేరింది. ఆ తర్వాత కొన్నేళ్లకే పిల్లల పైజమాల్లో వాడే ట్రిస్ అనే బ్రోమిన్ రసాయనం జన్యువులను దెబ్బతీస్తుందని ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ 1977లో రాశారు. అదే ఏడాది దాన్ని పిల్లల బట్టల్లో నిషేధించారు. దాని స్థానంలో ఏం వచ్చింది? బ్రోమిన్ బదులు క్లోరిన్ ఉన్న ట్రిస్, అంటే టీడీసీపీపీ. దానిపైనా అనుమానాలు రావడంతో పైజమాల్లోంచి తీసేశారు. ఫోములోంచి మాత్రం ఎవరూ తీయలేదు.

సోఫాల ఫోములో పెద్ద ఎత్తున వాడింది పెంటాబీడీఈ అనే మిశ్రమాన్ని. తల్లిపాలలో, చేపల్లో, పక్షుల గుడ్లలో అది పోగుపడుతోందని తేలాక 2004 చివర్లో అమెరికాలో ఉత్పత్తి ఆగింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ప్రకృతిలో ఏళ్ల తరబడి నశించని విష రసాయనాలను అదుపు చేసే అంతర్జాతీయ ఒడంబడిక) కింద నిషేధిత జాబితాకు ఎక్కింది. ఆ ఖాళీని మళ్లీ టీడీసీపీపీ, ట్రైఫినైల్ ఫాస్ఫేట్ లాంటివి నింపాయి. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హీథర్ స్టేపుల్టన్ బృందం పసిపిల్లల సామగ్రిలోంచి 101 ఫోము నమూనాలు తీసి చూస్తే 80 నమూనాల్లో మంటనిరోధకాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది 1970ల్లో పైజమాల్లోంచి తీసేసిన ఆ టీడీసీపీపీయే. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు అంటారే, ఇది అచ్చం అదే.

ఇక చేప గుడ్డు సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, అసలు విషయం ఇదే.

ప్రపంచమంతా పరీక్షలకు వాడే జీబ్రాఫిష్ మన దేశపు చేపే. గంగా పరివాహక ప్రాంతంలో దొరికిన ఈ చేపను 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ మొదటిసారి వర్ణించాడు. 1970ల్లో ఒరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ దాన్ని ల్యాబులోకి తెచ్చాక దాని దశ తిరిగింది. గుడ్డు అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. తల్లి కడుపులో దాగి జరిగేదంతా ఇక్కడ గాజు పళ్లెంలో కళ్ల ముందే జరుగుతుంది. గుడ్డు ఫలదీకరణ చెందిన ముప్పావు గంటకు ఒక కణం రెండవుతుంది. ఒక రోజుకు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. రెండు మూడు రోజులకు పిల్ల బయటికొస్తుంది. అయిదో రోజుకు ఈదుతూ తిండి వెతుక్కుంటుంది. మన చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి, ఎర్రమోసులకు ఇది పరాయిది కాదు, చుట్టమే; జంతుశాస్త్ర వర్గీకరణలో అన్నీ ఒకే క్రమానికి చెందినవి.

2007లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు పెంటాబీడీఈ మిశ్రమంలో ప్రధానమైన ఒక పదార్థాన్ని, పీబీడీఈ-47ను, జీబ్రాఫిష్ పిండాలకు ఇచ్చి చూశారు. పిల్లలు గుడ్డులోంచి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక సరిగ్గా ఎదగలేదు. వెన్ను వంకర పోయింది. గుండె ముందు మరీ వేగంగా కొట్టుకుని, తర్వాత లయ తప్పింది: పై గది కొట్టుకున్న ప్రతిసారీ కింది గది కొట్టుకోలేదు. మెదడు వెనక భాగంలో ద్రవం కదలిక కూడా తగ్గింది. గమనించండి, ఇవన్నీ బతికి ఉన్న పిల్లల్లో చూసినవి.

2013లో ట్రైఫినైల్ ఫాస్ఫేట్, దానికి దగ్గరి మరికొన్ని ఫాస్ఫేట్‌ల మీద చేసిన పనిలో ఇంకో సంగతి బయటపడింది. పిండంలో గుండె మొదట ఒక నిటారు గొట్టం. అది మెలి తిరిగి, మడత పడి, పక్కపక్కన రెండు గదులుగా అమరాలి. ఈ రసాయనాల్లో పెరిగిన పిండాల్లో ఆ మెలిక పడలేదు. గొట్టం గొట్టంగానే ఉండిపోయింది. చుట్టూ నీరు చేరింది. పెంటాబీడీఈ కంటే మెరుగని చెప్పి మార్కెట్లోకి తెచ్చిన ఒక మిశ్రమంలోని భాగాలివి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసింది 2012లో టీడీసీపీపీ మీద వచ్చిన పరిశోధన. పిండానికి ఆ రసాయనం ఎంత ఇచ్చారన్నదే కాకుండా, ఎప్పుడు మొదలుపెట్టారన్నది కూడా చూశారు. రెండు కణాల దశలోనే, అంటే మొదటి గంటలోపే, మొదలుపెడితే దెబ్బ తీవ్రంగా ఉంది. కణాలు వేలల్లోకి చేరాక మొదలుపెట్టినవి చాలావరకు తట్టుకున్నాయి. ఆ మొదటి గంటల్లో పిండం తన డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను మళ్లీ సర్దుకుంటుంది. ఏ జన్యువు ఎక్కడ పనిచేయాలో తేల్చే గుర్తులవి. టీడీసీపీపీ ఆ పనిని ఆలస్యం చేసింది.

ఇప్పుడు మన హేచరీ తొట్టె గుర్తు తెచ్చుకోండి. బొచ్చె గుడ్డు పడగానే మొదటి అరగంటలో చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. మా దగ్గర హేచరీ వాళ్లు ఉబ్బిన తీరు చూసే గుడ్డు బాగుందో లేదో చెబుతారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల్లో పిల్ల బయటికొస్తుంది. అంటే ఆ గుడ్డుకు అత్యంత సున్నితమైన గంటా, అది కాలువ నీటిని లోపలికి లాక్కునే గంటా ఒకటే.

వుహాన్‌లోని జలజీవశాస్త్ర సంస్థలో చేసిన పరిశోధన ఇంకో మెట్టు పైకి వెళ్లింది. పెద్ద చేపలను నెలల తరబడి లీటరుకు మైక్రోగ్రాముల స్థాయిలో టీడీసీపీపీ ఉన్న నీళ్లలో ఉంచారు. తర్వాత వాటి గుడ్లలో టీడీసీపీపీ దొరికింది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లో థైరాయిడ్ హార్మోను తగ్గింది, నరాల ఎదుగుదలకు సంబంధించిన గుర్తులు మారాయి. హేచరీ వాళ్లు తల్లి చేపలను చెరువుల్లో ఏళ్ల తరబడి పెంచుతారని మత్స్యశాఖకు నేను చెప్పాల్సిన పని లేదు.

మన రైతులకు బాగా తెలిసిన పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి. క్లోరిపైరిఫాస్. పురుగుమందుగా దానికున్న పేరు ఎలాంటిదో తెలిసిందే. టీడీసీపీపీ కూడా ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబమే. నాడీకణాల లాంటి కణాల మీద ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి 2011లో డ్యూక్‌లో పరీక్షిస్తే, ఎదుగుతున్న కణాలను దెబ్బతీయడంలో టీడీసీపీపీ ఏమీ తీసిపోలేదు. ఒకదాన్ని డబ్బా మీద విషమని హెచ్చరిక వేసి, ఎలా కొట్టాలో రాసి అమ్ముతాం. రెండోదాన్ని పిల్లల కుర్చీ కుషన్‌లో పెట్టి, లేబుల్ కూడా లేకుండా అమ్ముతాం.

మీ దగ్గర నుంచి రాబోయే అభ్యంతరం నాకు తెలుసు. ల్యాబులో ఇచ్చిన మోతాదు నదిలో ఉండదు కదా అంటారు. నిజమే. 2012 పరిశోధనలో పిండాలకు ఇచ్చిన మోతాదు లీటరుకు ఒక మిల్లీగ్రాము పైచిలుకు. నదుల్లో మామూలుగా కనిపించేది దానికంటే వందల, వేల రెట్లు తక్కువ. ఈ తేడాను దాచి భయపెట్టేవాళ్లంటే నాకూ చిరాకే. కానీ మూడు విషయాలు చూడండి. నదిలో ఒకే రసాయనం ఉండదు, డజన్ల కొద్దీ కలిసి ఉంటాయి. వుహాన్ పరిశోధన తక్కువ మోతాదులోనే, ఎక్కువ కాలంలో, తల్లి ద్వారా పిల్లకు చేరే దారిని చూపించింది. మూడోది ముఖ్యమైనది: తక్కువ మోతాదులో జరిగేది చావు కాదు కాబట్టి, చావును మాత్రమే లెక్కపెట్టే పరీక్షకు అది ఎప్పటికీ చిక్కదు.

నా అసలు ఫిర్యాదు ఆ పరీక్ష మీదే. చేప పిండాలపై విష పరీక్షకు అంతర్జాతీయంగా వాడే పద్ధతి ఓఈసీడీ 236. 2013లో ఆమోదించారు. 96 గంటల పాటు నాలుగు విషయాలు చూస్తారు: గుడ్డు గడ్డకట్టిందా, శరీర ఖండాలు ఏర్పడలేదా, తోక విడివడలేదా, గుండె కొట్టుకోవడం లేదా. ఈ నాలుగిట్లో ఏది కనిపించినా ఆ పిండం చచ్చినట్టు లెక్క. మొత్తం మీద ఎంత మోతాదుకు సగం పిండాలు చస్తాయో తేలుతుంది. పెద్ద చేపలను చంపకుండా విషాన్ని కొలవడానికి అది మంచి పద్ధతే, కాదనను. అయితే వెన్ను వంకరపోయినా, గుండె లయ తప్పినా, థైరాయిడ్ తగ్గినా, చీకట్లో బెదరాల్సిన పిల్ల బెదరకపోయినా, ఆ లెక్కలో ఆ పిల్ల ‘బాగుంది’. వాగులో ఆ పిల్ల ఎన్ని రోజులు బతుకుతుందో చేపలు పట్టే వాళ్లను అడగండి.

ఇలాంటి మార్పులు చూడటం కష్టమూ కాదు, ఖరీదూ కాదు. 96 గుంటల ప్లాస్టిక్ పలకలో గుంటకో పిల్లను వేసి, లైటు వేస్తూ తీస్తూ, అది ఎంత దూరం ఈదిందో కెమెరా లెక్కపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల చీకటి పడగానే గబగబా కదులుతుంది. రసాయనం సోకిన పిల్ల అతిగానో, మందంగానో కదులుతుంది. గుడ్డు పగిలిన సమయం, గుండె ఆకారం, ఈ ఈత, ఈ మూడూ కలిపితే పని అయిదారు రోజుల్లో అయిపోతుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ సహా జీబ్రాఫిష్ మీద పనిచేస్తున్న సంస్థలు ఉన్నాయి. మనుషులు ఉన్నారు, చేపలు ఉన్నాయి, పరికరాలు ఉన్నాయి. అడిగే నిబంధనే లేదు.

ఇక మన చట్టాల సంగతి. 2018 మార్చిలో కేంద్రం ఏడు రసాయనాలను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. వాటిలో నాలుగు మంటనిరోధకాలే: హెక్సాబ్రోమోబైఫినైల్, పెంటాబీడీఈ, ఆక్టాబీడీఈ, హెచ్‌బీసీడీ. మంచి పనే చేశారు. అయితే స్టాక్‌హోమ్ ఒప్పందం 2017లోనే జాబితాకెక్కించిన డెకాబీడీఈ ఆ ఏడింటిలో లేదు. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో పీబీబీ, పీబీడీఈలు (పెంటా, ఆక్టా, డెకా బీడీఈలన్నీ ఈ కుటుంబమే) బరువులో 0.1 శాతం మించకూడదని ఈ-వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. సోఫాకు, పరుపుకు, కారు సీటుకు ఆ నిబంధన వర్తించదు. వాటి స్థానంలో వచ్చిన టీడీసీపీపీ, టీసీపీపీ, ట్రైఫినైల్ ఫాస్ఫేట్‌ల పేర్లు ఈ రెండు నిబంధనల్లో ఎక్కడా లేవు. ఎప్పుడో వదిలేసిన తరం రసాయనాలకు తాళం వేసుకుని కూర్చున్నాం.

బీఐఎస్ వారికి ప్రత్యేకంగా. ఆఫీసులు, హోటళ్లు, హాళ్లలో వాడే కుషన్ ఫర్నిచర్ త్వరగా అంటుకోకుండా ఉండాలని ఐఎస్ 15768 ప్రమాణం ఉంది. దాన్ని తప్పనిసరి చేస్తూ ఇటీవలి సంవత్సరాల్లో ఉత్తర్వు కూడా ఇచ్చారు. పరీక్ష పాసయితే చాలంటే, తయారీదారు అన్నిటికంటే చవకైన దారి వెతుక్కుంటాడు. అది అతని వ్యాపారం, తప్పు పట్టను. చవకైన దారి ఫోములో రసాయనం కలపడమే. ఈ కథ కాలిఫోర్నియాలో ముందే జరిగింది. ఫోము చిన్న మంటను 12 సెకన్లు తట్టుకోవాలని 1975లో వాళ్లు పెట్టిన ఒక్క నియమం వల్ల అమెరికా అంతటా సోఫాలు రసాయనాలతో నిండాయి. చివరికి 2013లో ఆ నియమాన్ని మార్చి, సిగరెట్ నిప్పు లాంటి రగిలే నిప్పుకు పైగుడ్డ తట్టుకుంటే చాలన్నారు. ఫోములో రసాయనం కలపకుండానే ఆ పరీక్ష పాసవ్వవచ్చు. 2020 నుంచి పిల్లల సామగ్రిలో, పరుపుల్లో, కుషన్ ఫర్నిచర్‌లో మంటనిరోధకాలు 0.1 శాతం మించితే అక్కడ అమ్మకూడదు. వాళ్లు నలభై ఏళ్లు తిరిగిన దారిలో మొదటి మైలురాయి దగ్గర మనం నిలబడి ఉన్నాం. అదే దారిలో నడవాల్సిన అవసరం ఏముంది?

కాలుష్య నియంత్రణ మండళ్ల వారికి. హైదరాబాద్ మురుగు మూసీలోకి పోతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఆ తర్వాత డెల్టా కాలువలు. ఆ కాలువల మీద మా చెరువులు, హేచరీలు. జూబ్లీహిల్స్‌లో ఉతికిన బట్టల నీళ్లకూ మా బొచ్చె గుడ్డుకూ మధ్య ఉన్నది ఇంతే దూరం. ఈ దారిలో మీరు పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బీఓడీ, కోలిఫామ్ చూస్తారు. అవి చూడాల్సినవే. ఫాస్ఫేట్ మంటనిరోధకాలు మాత్రం ఆ మామూలు పట్టికలో లేవు. పట్టికలో లేనిదానికి అంకె రాదు. అంకె లేదు కాబట్టి సమస్య లేదని రేపు మీరే సమాధానం రాస్తారు.

కాబట్టి అడుగుతున్నది ఇది. పర్యావరణ శాఖ డెకాబీడీఈని నిషేధ నిబంధనల్లో చేర్చాలి. రసాయనాల భద్రతపై 2020లో ముసాయిదాగా వచ్చిన నిబంధనలకు తుది రూపం ఇచ్చేటప్పుడు మంటనిరోధకాలను ఒక్కో పేరుగా కాకుండా తరగతులుగా చూడాలి. 2019లో అమెరికా జాతీయ అకాడమీలు హాలోజన్ (క్లోరిన్, బ్రోమిన్ లాంటివి) ఉన్నవాటిని 14 ఉపతరగతులుగా విడగొట్టి దారి చూపించాయి, మొదటి నుంచి మొదలుపెట్టే పని లేదు. కొత్త మంటనిరోధకంతో వచ్చే కంపెనీ, ఎన్ని పిండాలు చచ్చాయన్న లెక్కతో పాటు బతికినవాటి గుండె, పొదిగే సమయం, ఈత, థైరాయిడ్ వివరాలూ సమర్పించాలి. పరీక్ష తొలి గంటలోనే మొదలవ్వాలి, నాలుగో గంటలో మొదలుపెట్టి మంచి ఫలితం చూపిస్తే ఒప్పుకోకూడదు. ఈ చిన్న వాక్యం నిబంధనలో రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

బీఐఎస్ ప్రతి కుషన్ వస్తువు మీదా మంటనిరోధకం ఉందా, ఉంటే ఏది అని లేబుల్ వేయించాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో క్లోరిన్ ఉన్న మూడు ఫాస్ఫేట్‌లకు యూరప్ కిలోకు 5 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. మన బొమ్మల ప్రమాణంలోనూ అలాంటి హద్దు రావాలి. ఇళ్లలో వాడే ఫర్నిచర్‌కు ప్రమాణం తెస్తే, మొదటి నుంచే రగిలే నిప్పు పరీక్షతో, పైగుడ్డ మీద ఆధారపడేలా తేవాలి. బస్సుల్లో, సినిమా హాళ్లలో మంటను తట్టుకునే గుడ్డ, డీజిల్ పైపుల రక్షణ, పనిచేసే అత్యవసర తలుపు, వీటి మీద ఖర్చు పెట్టించండి. అవి ఉంటే పాలెంలో ఇంకొందరు బతికేవాళ్లేమో.

రెండు రాష్ట్రాల మండళ్లు కలిసి వాడపల్లి సంగమం దగ్గర, పులిచింతలలో, ప్రకాశం బ్యారేజీ దగ్గర, కొల్లేరులోకి పట్టణాల మురుగు తెచ్చే డ్రైన్ల దగ్గర నమూనాలు తీయాలి. హేచరీల సీజను జూన్‌లో మొదలవుతుంది. నమూనాలు ఆ నెల నుంచి సెప్టెంబరు దాకా తీయాలి, జనవరిలో తీసి పంపకండి. నీళ్లతో పాటు బురదను, తల్లి చేపల గుడ్లను కూడా పరీక్షించాలి. ఫలితాలు మత్స్యశాఖ ద్వారా హేచరీ యజమానులకు తెలుగులో చేరాలి. నమూనాలు ఎక్కడ తీయాలో చూపించడానికి, తల్లి చేపలు ఇప్పించడానికి మా వైపు హేచరీ వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఎవరు వస్తారో, ఏ నెలలో వస్తారో చెబితే చాలు.

ఇట్లు,
కృష్ణా డెల్టా నుంచి ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు